పడవ రిజిస్టరు నకలు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. మా ఇంట్లో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే ఎప్పుడు, ఎన్ని గంటలకు, చూసింది ఎవరు అని వరసగా అడిగేవాణ్ణి. మూడో ప్రశ్నకు వచ్చేసరికి చెప్పేవాళ్ళు విసుక్కుని లేచిపోయేవారు. ఇప్పుడు అవే ప్రశ్నలు నన్ను నేను వేసుకుంటే మొదటి రెండింటికీ జవాబు ఉంది. మూడోదానికి లేదు.

నా పందొమ్మిదో ఏట మొదలుపెట్టిన డైరీ ఇవాళ్టికీ రాస్తున్నాను. అవన్నీ భవానీపురంలో మా మేడగదిలో సంవత్సరాల వారీగా ఉన్నాయి. ఇది రాయడానికి 1974 నాటి డైరీ తెచ్చి ముందు పెట్టుకున్నాను. డైరీలో లేనిది, కేవలం జ్ఞాపకం మీద చెప్పేది వచ్చినప్పుడు ఆ సంగతి చెబుతాను.

అప్పట్లో నేను విజయవాడలో గ్రంథాలయ సంస్థ ఆఫీసులో గుమాస్తాని. ఆ ఏడు సంస్థ చరిత్రను పుస్తకంగా అచ్చు వెయ్యాలని పైవాళ్ళు నిర్ణయించారు. ఏ ఊళ్ళో గ్రంథాలయం ఎప్పుడు మొదలైంది, ఎవరు మొదలుపెట్టారు, గ్రంథాలయాల చట్టం వచ్చాక దాన్ని సంస్థ ఎప్పుడు స్వాధీనం చేసుకుంది, ఇవన్నీ ఊరూరా తిరిగి పోగుచేసే పని నాకు అప్పగించారు. నాకు ఇష్టమైన పని. మాటమీద ఏదీ రాయకూడదని, కాగితం చూపిస్తేనే రాయాలని నియమం పెట్టుకున్నాను.

అయితే మధ్యలో ఒక చిక్కు వచ్చింది. శాఖా గ్రంథాలయాల్లో వేటిని ఉంచాలి, వేటిని తగ్గించాలి అని తేల్చడానికి ఒక కమిటీ కూడా అప్పుడే వేశారు. నేను తయారుచేసే పట్టికనే దానికీ వాడదామన్నారు. సంస్థ చేతికి రాకముందు నుంచీ పాఠకులకు పుస్తకాలు ఇస్తూ వచ్చినట్టు ఆధారం ఉన్న శాఖలు ఉంటాయి. ఆధారం లేని చిన్న శాఖల్లో గది మూసేసి, ఒక పెట్టెడు పుస్తకాలు స్కూల్లో పెడతారు. అక్కడి లైబ్రేరియన్ ఉద్యోగం పోతుంది. చరిత్ర రాసే పని అనుకుని ఒప్పుకున్నది కాస్తా అలా తయారైంది.

ఉయ్యూరు దాటాక కాలవ గట్టు వెంట రెండు మైళ్ళు నడిస్తే వచ్చే ఒక ఊళ్ళో అలాంటి చిన్న శాఖ ఉండేది. చర్చి ఆవరణ పక్కన ఒంటిగది, ముందు చిన్న వరండా. లైబ్రేరియన్ పేరు సుశీలమ్మ. ముప్పై ఏళ్ళ లోపు మనిషి, ఇంకా పర్మనెంటు కాలేదు. తల్లీ కూతుళ్ళిద్దరే ఉండేవారు. ఆమె జీతం తప్ప ఇంటికి వేరే ఆధారం లేదు.

ఆ గ్రంథాలయానికి మూలం ఒక పడవ. పూర్వం మా డెల్టాలో కాలవల మీద పుస్తకాల పడవలు తిరిగేవని చాలామంది వినే ఉంటారు. సుశీలమ్మ తండ్రి దేవసహాయం గారు అలాంటి పడవ ఒకటి నడిపారు. వారానికొకసారి ప్రతి రేవులోనూ ఆపి, గంట కొట్టి, గట్టు మీదికి వచ్చినవాళ్ళకు పుస్తకాలిచ్చేవారు. ఒక వర్షాకాలం గట్టు తెగి పడవ మునిగింది. మిగిలిన కాసిని పుస్తకాలు చర్చి పక్కన గదిలో పెట్టారు. ఆ ఏడే ఆయన జ్వరంతో పోయారు. అప్పటికి సుశీలమ్మకు మూడేళ్ళు నిండలేదు.

నేను మొదటిసారి వెళ్ళింది మే నెలలో, ఒక గురువారం. డైరీ ప్రకారం తొమ్మిదిన్నరకు ఉయ్యూరులో బస్సు దిగాను. వేసవి కనక కాలవ కట్టేశారు. అడుగున బురద ఎండి బీటలు వారి ఉంది. పదింబావుకు గ్రంథాలయం చేరాను.

పుస్తకాలు ఇచ్చినట్టు పాత రిజిస్టరేమైనా ఉందా అని సుశీలమ్మను అడిగాను.

"ఉండేదటండి. పడవతోపాటే పోయిందంటారు. ఉంటే గింటే ఆ బీరువా అడుగు అరలో ఉండాలి. నేనైతే ఎన్నడూ చూళ్ళేదు, మీరూ ఓసారి చూడండి," అంది.

తర్వాత కాస్త మొహమాటపడుతూ, "అమ్మని ఉయ్యూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి సార్. ఇవాళ రమ్మన్నారు. మీరు పర్మిషనిస్తే వెళ్ళొస్తాను. ఈలోపు మీరు వెళ్ళిపోయేట్టయితే తాళాలు పక్కింట్లో ఇచ్చెయ్యండి," అంది.

సరేనన్నాను. హాజరు పుస్తకంలో తను వెళ్ళే వేళ రాసింది. దానికింద నేను పొడి సంతకం పెట్టాను. పక్కింటావిడతో నాకు మజ్జిగ పంపమని చెప్పి వెళ్ళింది.

ఇక్కణ్ణించి జాగ్రత్తగా రాయాలి.

బీరువా తెరిచాను. అడుగు అరలో పాత పేపర్ల కట్టలున్నాయి. వాటిని బయటికి తీశాను. కింద ఒక రిజిస్టరు ఉంది. పొడుగాటిది, నీలం గుడ్డ బైండు, ఒక మూల తడిసి ఆరిన మరక. లోపల వరస సంఖ్య, తేదీ, పుస్తకం నంబరు, పాఠకుడి పేరు, రేవు పేరు. చాలా పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. విడివిడిగా వచ్చిన పేజీల్లో చదవడానికి వీలున్న పద్దులు నలభై ఒకటి. బల్ల ముందు కూర్చుని నలభై ఒక్కటీ నా డైరీ వెనక పేజీల్లోకి ఎక్కించాను. "11-00 నుంచి 12-25 వరకు నకలు" అని రాసి ఉంది. పక్కింటావిడ పెట్టి వెళ్ళిన మజ్జిగ తాగిన వేళ కూడా ఉంది.

నకలు తీస్తే సరిపోదు, అసలుతో సరిచూడాలి. మా రోజుల్లో దానికొక పద్ధతి ఉండేది. ఒకరు అసలు చూస్తూ పైకి చదవాలి. ఇంకొకరు నకలు ముందు పెట్టుకుని, ప్రతి పద్దుకీ ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టాలి. సరిచూసేవాడు తల ఎత్తకూడదు. ఎత్తితే వరస తప్పుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా హెడ్ గుమాస్తా ఇది నాకు చీవాట్లు పెట్టి మరీ నేర్పాడు. ఆ తర్వాత నేను ఎన్నడూ తల ఎత్తలేదు.

ఆ రోజూ సరిచూశాను. నలభై ఒక్క పద్దులకూ నలభై ఒక్క ఎర్ర టిక్కులు ఇప్పుడు నా ఎదురుగా ఉన్నాయి. బల్లకు అవతలి వైపు నుంచి చదువుతుంటే నేను టిక్కులు పెడుతూ పోయాను. ఇరవై మూడో పద్దులో నేను పన్నెండో తేదీ అని వేశాను. అసలులో సిరా పాకి రెండో అంకె తెలియలేదు, అంచనాగా వేశాను. చదివేవారు పదిహేడు అన్నారు. పన్నెండా, పదిహేడా అని అడిగాను. పదిహేడు అని మళ్ళీ చెప్పారు. పన్నెండు కొట్టేసి పదిహేడు వేసి, పక్కన నా పొడి సంతకం పెట్టాను. ఈ ప్రశ్నా జవాబూ డైరీలో లేవు, జ్ఞాపకమే. కొట్టివేత మాత్రం డైరీలో ఉంది.

ఆసుపత్రిలో పని తొందరగా అయిపోయి సుశీలమ్మ వచ్చేసిందనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు. అయిపోయాక, చేతికి సిరా అంటుకుంటే వరండాలో కుండ దగ్గర కడుక్కున్నాను. తిరిగొచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. భోజనానికి ఇంటికి వెళ్ళిందనుకున్నాను. రిజిస్టరు బల్ల మీదుంది. దాన్ని అడుగు అరలోనే పెట్టి, పైన పేపర్లు సర్ది, బీరువాకీ తలుపుకీ తాళం వేసి, తాళాలు పక్కింట్లో ఇచ్చి ఒంటిగంటన్నరకు బయల్దేరాను. ఆ రోజు డైరీలో చివరి వాక్యం: "ఈ శాఖకు ఆధారం దొరికింది. సంతోషం."

మా సూపరింటెండెంటు గారికి చెప్పాను. ఆయన కూడా సంతోషించి, "ఆ రిజిస్టరు పట్రావయ్యా, కమిటీ ముందు పెడదాం," అన్నారు.

తర్వాతి గురువారం మళ్ళీ వెళ్ళాను. సుశీలమ్మ ఎదురొచ్చింది. రిజిస్టరు కోసం వచ్చానన్నాను.

"ఏ రిజిస్టరండి?"

"అదే, మొన్న మీరు చదివారు చూడండి, పడవది."

ఆమె నవ్వింది. నేనేదో పరాచికం ఆడుతున్నాననుకుంది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

బీరువా తెరిచాం. పేపర్ల కట్టలు తీశాం. కింద ఏమీ లేదు. అరలో దుమ్ము మీద పేపర్లు పెట్టిన గుర్తు తప్ప మరో గుర్తు లేదు. బీరువాలో ప్రతి పుస్తకమూ కిందికి దింపాం. గది చిన్నది, వెతకడానికి గంట పట్టలేదు.

"నేను ఆవేళ మూడింటికి వచ్చానండి. మందులిచ్చే చోట పెద్ద వరసుంది. నేనొచ్చేసరికి మీరు లేరు," అంది.

హాజరు పుస్తకం తెచ్చి చూపించింది. పదిన్నరకు వెళ్ళినట్టు, మూడింటికి వచ్చినట్టు రాసి ఉంది. పదిన్నర కింద నా పొడి సంతకం. ఆమె అక్కడ లేదనడానికి సాక్షిని నేనే.

పక్కింటావిణ్ణి అడిగాను. మజ్జిగ తెచ్చినప్పుడు ఏం చూశావని. "తల వంచుకుని రాసుకుంటన్నారండి. నేను పిలిచినా పలకలేదు. అక్కడెట్టి వచ్చేశాను," అంది. బల్ల మీద రిజిస్టరు ఉందా అంటే, కాగితాలేవో ఉన్నాయండి, నాకేం తెలుసు అంది.

డైరీ తీసి సుశీలమ్మకు చూపించాను. ఆమె ఆ పేర్లు చదువుతూ చదువుతూ కూర్చుండిపోయింది. సగం మంది ఆ చుట్టుపక్కల పెద్దవాళ్ళు, పోయినవాళ్ళు. నేను ఆ ప్రాంతానికి కొత్త. ఆ పేర్లు నాకు ఎక్కడివి?

విజయవాడ వచ్చి సూపరింటెండెంటు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను.

"మన ఆఫీసులో ఉన్న రిజిస్టర్లే ఒక పట్టాన కనపడవు. నువ్వు లేనివి కూడా చూసొస్తున్నావు. నిన్ను రికార్డు రూములో వేస్తే బాగుండును," అన్నారు.

తర్వాత ఆయనే ఒక దారి చెప్పారు. అసలు పోయినా, పద్ధతి ప్రకారం సరిచూసిన నకలుంటే కమిటీ ఒప్పుకుంటుంది. దాని కింద రెండు సంతకాలుండాలి, చదివినవారిది, సరిచూసినవారిది. "సరిచూసింది నువ్వేగా. చదివానని ఆ అమ్మాయి చేత పెట్టించు. ఉద్యోగం ఆవిడదే, పెట్టకేం చేస్తుంది?"

అప్పుడు చూశాను. నకలు కింద "సరిచూసింది" అన్నచోట నా సంతకం ఉంది. "చదివింది" అని నా చేత్తోనే రాసి ఉంది. దాని ఎదుట ఖాళీ. అంతకుముందు ఎన్నడూ నేను ఆ చోటు ఖాళీగా వదిలి లేవలేదు.

మూడోసారి వెళ్ళి సుశీలమ్మకు సంగతి చెప్పాను. సంతకం పెడితే శాఖ ఉంటుంది, పెట్టకపోతే చెప్పలేనన్నాను. ఆమె నా చేతిలో కలం వంక చూసింది గాని తీసుకోలేదు.

"నేను చదవలేదు కదండి. చదివానని ఎట్టా పెట్టను?"

"అదికాదమ్మా, ఆలోచించుకో."

"ఆలోచించేదేముందండి. నేను పెడితే ఇంక అక్కడ చదివింది నేనే అయిపోతాను. నిజంగా చదివినవాళ్ళు ఎవరన్నా ఉంటే?"

కలం జేబులో పెట్టుకున్నాను. నాకు అప్పటికి భయంగా ఉంది, దయ్యమని కాదు, నా బుర్ర మీద అనుమానంతో. ఎండకు ఏమైనా అయిందా? ఏదో పాత కాగితంలో ఆ పేర్లు చూసి మరిచిపోయానా? నాకు తెలిసిన మార్గం ఒక్కటే. నలభై ఒక్క పద్దుల్లో ఎవరైనా బతికున్నారేమో వెళ్ళి అడగాలి.

సుశీలమ్మ దారి చూపించింది. ఇరవై మూడో పద్దు మనిషి పక్క ఊళ్ళో ఉన్నాడు. వెంకట్రామయ్య గారని పెద్ద రైతు, డెబ్బై దాటినవాడు. పశువుల కొట్టం ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పడవలో ఎప్పుడైనా పుస్తకం తీసుకున్నారా అని అడిగాను.

ఆయన వెంటనే కళ్ళెర్రజేశాడు. "ఇన్నాళ్ళకొచ్చారా దానికోసం? పడవ మునిగిపోయిందిగా, ఇంక ఎవరికిమ్మంటారు?"

లోపల్నుంచి ఆయన భార్య అందుకుంది. "ఇచ్చెయ్యమని ఎన్నిసార్లు చెప్పానో అడగండి. ఈయనకా చదవడం రాదు. పుస్తకం మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వడు."

"నువ్వూరుకో. చదవడం రాకపోతే ఏం? దేవసాయం చదివాడు, నేను విన్నాను. ఏ రోగానికి ఏ పేజీయో నాకు తెలుసు. అక్షరం రానివాళ్ళం నలుగురం గట్టు మీద కూర్చునేవాళ్ళం, అందరికీ చదివిపెట్టేవాడు."

పుస్తకం తెచ్చింది ఆవిడే. పశువైద్యం మీద చిన్న పుస్తకం, అట్ట మీద గుడ్డ అతికించి ఉంది. లోపల పడవ గ్రంథాలయం ముద్ర ఉంది. పుస్తకం నంబరు నా నకల్లో ఉన్నదే. ఇచ్చిన తేదీలు రాసే చీటీ మొదటి పేజీకి ఇంకా అంటుకునే ఉంది. చివరి తేదీ చూశాను.

పదిహేడు. నెలా సంవత్సరమూ కూడా సరిపోయాయి.

డైరీ తెరిచి ఆ కొట్టివేతను సుశీలమ్మకు చూపించాను. ఆ ముసలాయనకు అంకెలు కూడా రావు. ఆ పుస్తకం ఆ ఇల్లు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. పన్నెండు కాదు, పదిహేడు అని నాకు చెప్పగలిగింది ఆ చీటీ, లేకపోతే ఆ రిజిస్టరు. చీటీని నేను అంతకుముందు చూడలేదు. రిజిస్టరు లేదు.

ఒక వారం రోజులు సెలవు పెట్టి ఊళ్ళు తిరిగాను. నా నకలు చేతిలో పట్టుకుని వెళ్ళిన ఇళ్ళలో మరో నాలుగు చోట్ల పుస్తకాలు దొరికాయి. ఒకచోట బియ్యం డబ్బా మీద మూతగా, ఒకచోట బైబిలు పక్కన. అన్నిటికీ ముద్ర ఉంది, నంబర్లు కలిశాయి. మొత్తం అయిదు పుస్తకాలు కమిటీ ముందు పెట్టాం. వెంకట్రామయ్య గారు తన పుస్తకం తిరిగి ఇస్తామని నాచేత కాగితం రాయించుకుని గాని ఇవ్వలేదు.

కమిటీ ఆ ముద్రల్నీ తేదీల్నీ ఆధారంగా ఒప్పుకుంది. ఈ పుస్తకాలు ఫలానా ఇళ్ళల్లో ఉన్నాయని నీకెలా తెలిసిందని ఒక్కరూ అడగలేదు. అడుగుతారని రెండు రోజులు నిద్రపోలేదు. నా నకలు ఫైల్లోకి వెళ్ళలేదు. శాఖ నిలిచింది. మరుసటి ఏడు సుశీలమ్మ పర్మనెంటు అయింది. చరిత్ర పుస్తకంలో ఆ గ్రంథాలయానికి రెండు వాక్యాలు వచ్చాయి, ఆధారం అన్నచోట "పాఠకుల వద్ద లభించిన పుస్తకాలు" అని. అది అబద్ధం కాదు. మొత్తం నిజమూ కాదు.

అచ్చయిన పుస్తకం ఇవ్వడానికి నేనే వెళ్ళాను. డైరీ కూడా తీసుకురమ్మని ఆమె ముందే ఉత్తరం రాసింది. అప్పటికి కాలవలో నీళ్ళు వదిలారు. వాళ్ళమ్మగారు ఆ ఏడే పోయారు.

సుశీలమ్మ రెండు వాక్యాలూ చదివి పుస్తకం మూసి, "సార్, ఒకటి అడగనా? ఆ గొంతు ఎలా ఉంది?" అంది.

నేను డైరీలో ఆరోజు పేజీ తీశాను.

"నాకు నాన్న గొంతు గుర్తులేదండి. ఫోటో ఉంది గాబట్టి మొహం తెలుసు. ఎవర్నడిగినా బాగా చదివేవాడంటారు. ఎలా ఉండేదో ఒక్కళ్ళూ చెప్పరు. మీరు రోజూ అన్నీ రాస్తారు కదా, రాశారేమోనని."

బస్సు దిగిన వేళ రాశాను. మజ్జిగ తాగిన వేళ రాశాను. అంతంత ఎండలో కాలవ అడుగున బురద ఎలా ఉందో రాశాను. గొంతు గురించి ఒక్క ముక్క రాయలేదు. అది ఆడగొంతో మగగొంతో కూడా నేను చెప్పలేను. సుశీలమ్మే అనుకున్నాను, కాబట్టి వినిపించుకోలేదు. అంకెలు మాత్రం విన్నాను.

అదే చెప్పాను. బాగుందమ్మా అని ఒక మాట అంటే ఆమెకు ఎంత తృప్తిగా ఉండేదో నాకు తెలుసు. కానీ అది ఆమె పెట్టనన్న సంతకం లాంటిదే అవుతుంది.

ఆమె డైరీ అందుకుంది. "పోనీ నేను చదువుతాను. మీరు ఆరోజులాగే కూర్చోండి. ఆ గొంతు నా గొంతులా ఉందేమో తెలుస్తుంది కదా."

బల్లకు ఇవతల నేను, అవతల ఆమె. తెల్లకాగితం ముందు పెట్టుకుని, ఎర్ర పెన్సిలు పట్టుకుని తల వంచాను. ఆమె ఒకటో పద్దు నుంచి చదివింది. నేను టిక్కులు పెట్టాను. ఇరవై మూడో పద్దు దగ్గర పదిహేడు అంది. పన్నెండా, పదిహేడా అని అడిగాను. పదిహేడు అని మళ్ళీ చెప్పింది. నలభై ఒకటీ అయ్యాయి.

"ఇదేనా సార్?"

తెలియదమ్మా అన్నాను. నిజంగానే తెలియలేదు. నేను మళ్ళీ అంకెలే విన్నాను.

ఆ కాగితం డైరీలో అదే చోట ఉంది. దాని కింద చదివినవారి సంతకం సుశీలమ్మ పెట్టింది, అది ఆమె చదివిందే గనక. పక్క పేజీలో మొదటి నకలు కింద ఆ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. అక్కడ ఎవరి పేరు రాయాలో నాకు తెలియదు. ఆరోజు ఒక్కసారి తల ఎత్తి ఉంటే తెలిసేది.